పలికేది, గొణిగేది, మూగది

కర్ర కనిపిస్తే తట్టకుండా ఉండటం చిట్టి వాళ్ళ మావయ్య వల్ల కాదు. కొందరు కుక్కపిల్ల కనిపిస్తే తల నిమురుతారు. కొందరు అద్దం కనిపిస్తే జుట్టు సర్దుకుంటారు. ఈయనకి బల్ల కనిపించాలి, తలుపు కనిపించాలి, ఏదీ లేకపోతే గరిటె కాడైనా కనిపించాలి. వెంటనే ఎడమచేతి చూపుడువేలు పెదాల మీద పెట్టుకుని, చుట్టూ ఎంత పెద్దవాళ్ళున్నా సరే, "ష్!" అంటాడు. కుడిచేతి నడిమివేలు మడిచి టక్, టక్, టక్ అని మూడుసార్లు తడతాడు. చెవి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. ఆపైన తీర్పు. "పలుకుతుంది" అంటే మేలురకం. "గొణుగుతుంది" అంటే ఓ మోస్తరు. "మూగది" అంటే ఇక దాని మొహం చూడడు.

ఆయన ముప్పై ఏళ్ళుగా గిటార్లు చేసే మేస్త్రి. గిటారు గొంతంతా ముందుపలకలోనే ఉంటుందని, పలికే కర్ర దొరికితే సగం గిటారు తయారైనట్టేనని ఆయన వాదన. వాదన సబబే. కానీ సబబైన వాదన పట్టుకుని ముక్కూమొహం తెలియని వాళ్ళ వీధి తలుపులు తట్టుకుంటూ పోతే ఏమవుతుంది? లోపలున్న వాళ్ళు తలుపు తీస్తారు.

"ఎవరు కావాలండీ?"

"మీరు కాదండీ. నేను తలుపుతో మాట్లాడుతున్నా. మీరు లోపలికెళ్ళి గడియ పెట్టుకోండి, గడియ తీస్తే దాని గొంతు మారిపోతుంది."

వీధిలో ఆయనకి 'వడ్రంగిపిట్ట' అని పేరు పెట్టారు. ఆయనేం నొచ్చుకోలేదు. "పిట్ట తడితే పురుగైనా దొరుకుతుంది. నాకు తిట్లే. పోలికలో పిట్టకే అన్యాయం జరిగింది" అన్నాడు.

ఎదురింటి ముసలాయన పోయినప్పుడు చూడాలి. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. మావయ్య కూడా వంచాడు. వంచిన తల కిందే శవపేటిక ఉంది, కొత్త కర్రది. చిట్టి చొక్కా పట్టుకు లాగేలోపే "ష్!", టక్, టక్, టక్. గదిలో సగం మంది ఉలిక్కిపడ్డారు. చివరికి ఆ ముసలాయన భార్యే కళ్ళు తుడుచుకుని, "తట్టు నాయనా, తట్టు. బతికున్నప్పుడూ అంతే, ఎవరు తట్టినా పలికేవాడు కాదు" అంది. ఏడవటానికొచ్చిన వాళ్ళందరూ నోటికి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తారు.

మావయ్యకి నోరెంతుందో చిట్టికి అంత లేదు. పదో తరగతి మధ్యలో వాళ్ళమ్మ మెట్ల మీంచి జారి నడుం విరగ్గొట్టుకుంటే ఇంటి పని కోసం బడి మానేసింది. అమ్మ లేచి తిరిగే వేళకి ఏడాదిన్నర గడిచింది. తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవాలంటే సిగ్గేసి మళ్ళీ వెళ్ళలేదు. అప్పట్నుంచి మావయ్యతో పాటు వర్క్‌షాపులో గరుకు కాగితంతో పలకలు రుద్దటం, జిగురు కాచటం, వార్నిష్ పుయ్యటం ఆమె పని. ఉదయం "వచ్చాను", సాయంత్రం "వెళ్తున్నా", ఇవే రోజుకి ఆమె ఆడే మాటలు. మధ్యలో చెవులు మాత్రం పనిచేసేవి.

మావయ్య ఇంటికొచ్చినప్పుడల్లా తట్టేది మూలనున్న చిట్టి రాతబల్లనే. అది ఆమె ఎనిమిదో తరగతికొచ్చినప్పుడు ఆయన స్వయంగా చేసిచ్చింది. బడి మానేశాక దాని మీద ఉతికిన బట్టలు, దుప్పట్లు, చెడిపోయిన ఇస్త్రీపెట్టె చేరాయి. ఆయన ఆ బట్టలన్నీ కింద పడేసి మరీ తట్టి, "మూగది" అని పెదవి విరిచేవాడు.

"చేసింది నువ్వే కదరా!" అనేది వాళ్ళమ్మ, బట్టలు ఏరుకుంటూ.

"పిల్లల్ని కన్నవాళ్ళందరికీ గాయకులే పుడతారా అక్కా?"

ఆయన తట్టే మరో ముఖ్యమైన బల్ల వర్క్‌షాపు ఓనరుది. ఓనరు వాళ్ళ నాన్న కూర్చున్న బల్ల. ఏనుగంత ఉంటుంది. ప్రతి సోమవారం పని లెక్క చెప్పటానికి మేడ మీద గదికి వెళ్ళినప్పుడు మావయ్య దాన్ని తట్టటం, "మూగది సార్" అనటం, ఓనరు అగ్గిమీద గుగ్గిలం కావటం పదిహేనేళ్ళుగా తప్పకుండా జరుగుతోంది.

"మా నాన్న బల్ల మూగదేంటయ్యా! మా నాన్న మాట్లాడితే మూడు వీధులు వినేవి!"

"మీ నాన్నగారు పలికేవారు సార్. బల్లే మూగది."

ఇదిలా ఉండగా ఓనరు ఒక సోమవారం పిడుగులాంటి కబురు చెప్పాడు. ఫ్యాక్టరీల్లో చేసిన గిటార్లు మిలమిలా మెరుస్తూ బజారంతా నిండిపోయాయి. చేత్తో చేసినవి అడిగే నాథుడు లేడు. వర్క్‌షాపు మూసేసి గోడౌను చేసేస్తానన్నాడు. "కొత్తగా ఏదైనా చూపించండి. లేదా ఎవరి దారి వాళ్ళు చూసుకోండి."

మూడో రోజున మావయ్య కళ్ళు మతాబుల్లా వెలిగిపోతూ వచ్చాడు. "దొరికింది! పాత సామాను! ఇళ్ళల్లో వద్దనుకున్న బీరువాలు, మంచాలు, బల్లలు. ఏళ్ళ తరబడి ఎండిన కర్ర. వాటి కర్రతో ముందుపలకలు కోసి గిటార్లు చేద్దాం. ఒక్కో దానిలో చీటీ అంటిద్దాం, పూర్వజన్మలో ఇది ఫలానా అని. రెండోజన్మ గిటార్లు! ఎలా ఉంది?"

ఎలా ఉందో చెప్పే అవకాశం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. ఆ వారమంతా రెండోజన్మ గిటార్ల గురించి కనిపించినవాళ్ళందరినీ చెవినిల్లు కట్టుకుని పోరాడు. బస్సులో పక్కవాడు రెండు స్టాపుల ముందే దిగిపోయాడు. పళ్ళ డాక్టరు నోట్లో దూది కుక్కినా "ఎంఓఅమ్మ ఇఆర్లు" అంటూనే ఉన్నాడు. డాక్టరు అది నొప్పనుకుని ఇంకో ఇంజెక్షను పొడిచాడు. మొహం సగం మొద్దుబారినా రెండో సగంతో పూర్తిచేశాడు. విసిగిపోయిన డాక్టరు, "నా డబుల్‌కాట్ తీసుకుపోవయ్యా. మా ఆవిడ విడాకులిచ్చి వెళ్ళిపోయింది, అదొక్కటే మిగిలింది, చూస్తే నిద్రపట్టటం లేదు" అన్నాడు. దాని తలవైపు పలకతోనే మొదటి గిటారు తయారైంది.

దాన్ని వాయించి చూసిన సంగీత సామాను షాపాయన పన్నెండు కావాలన్నాడు. మూడు నెలల గడువు. పన్నెండూ ఒకేసారి రావాలి, ఒక్కటి తగ్గినా ఏదీ వద్దు.

"పదకొండైతే ఏం?" అడిగాడు ఓనరు.

"గోడకి పన్నెండు కొక్కేలు కొట్టించానండీ. ఒకటి ఖాళీగా ఉంటే పన్ను ఊడిన నోరులా ఉంటుంది."

అలా వర్క్‌షాపు వాళ్ళందరి బతుకులు పన్నెండు కొక్కేలకి వేలాడాయి.

వేట మొదలైంది. మావయ్య ముందు, నోటుబుక్కు పట్టుకుని చిట్టి వెనక. ఏ ఇంట్లో ఏం తట్టిందీ, సోమవారాలు మేడ మీద ఏం తట్టిందీ, ఏమని తేల్చిందీ రాయటం ఆమె వంతు. వీళ్ళు వస్తున్నారని తెలిసి కొందరు బల్లల మీద పరుపులు కప్పారు. ఒకావిడ చెక్క కాలున్న వాళ్ళ మామగారిని ఏకంగా పక్కింటికి పంపించేసింది.

రిటైరైన హెడ్‌క్లర్కు గారింట్లో ఒక బీరువా ఉంది. అత్తగారిచ్చింది. వికారమైన పువ్వులు చెక్కి, గదిలో సగం ఆక్రమించి, తలుపు తీస్తే కిర్రుమని ఇల్లంతా తిట్టేది. మావయ్య తట్టాడు. చిట్టి చెవికి అది స్పష్టంగా గొణిగింది, కడుపునిండా తిన్నవాడు నిద్రలో గొణిగినట్టు. మావయ్య మాత్రం ఎగిరి గంతేశాడు.

"పలుకుతుంది! అబ్బ, ఏం గొంతండీ! ఇది నాకు కావాలి. కాదంటే మీ గుమ్మంలో కూర్చుంటా."

హెడ్‌క్లర్కు భార్య వైపు చూశాడు. ఆవిడ నిట్టూర్చి, "మా అమ్మ వస్తువు. అయినా సంగీతానికి కావాలంటున్నారుగా, మంచిపనికి కాదంటే పాపం" అంది. వీధి చివరిదాకా సాగనంపటానికొచ్చిన హెడ్‌క్లర్కు మావయ్య చేతులు రెండూ పట్టుకుని, "ముప్పై నాలుగేళ్ళండీ" అన్నాడు.

చిట్టి నోటుబుక్కులో 'పలుకుతుంది' అని రాసింది. పక్కన, ఎవరికీ కనపడనంత చిన్నగా, ఒక చుక్క పెట్టింది. తన చెవికి వేరేలా వినపడిందని గుర్తు.

టైలరమ్మ దగ్గర ఇంకా చిత్రం జరిగింది. ఆవిడకి కళ్ళు మసకబారాయి, కుట్టుపని మానేస్తానంటూ బట్టలు కత్తిరించే బల్ల తీసుకుపొమ్మని తనే కబురంపింది. నలభై ఏళ్ళ కత్తెర గాట్లున్న బల్ల. మావయ్య తట్టాడు. టంగ్‌మని గంటలా మోగింది. ఆ మోత ఆగేదాకా చిట్టి ఊపిరి పీల్చలేదు. టైలరమ్మ అంచు మీద అరచెయ్యి ఆడిస్తూ నిలబడింది.

"మూగది. పొయ్యిలోకి కూడా పనికిరాదు" అన్నాడు మావయ్య.

"ఏమన్నావ్?"

"మూగదన్నానమ్మా. పుట్టుమూగ."

టైలరమ్మ కొలబద్ద అందుకుంది. "నలభై ఏళ్ళు అన్నం పెట్టిన బల్లని మూగదంటావురా వడ్రంగిపిట్టా! నువ్వు మూగ, నీ గిటార్లు మూగ! ఇంకో నలభై ఏళ్ళు దీని మీదే కత్తిరిస్తా, ఏం చేస్తావో చెయ్యి!" అంటూ వీధి మలుపు దాకా తరిమింది. మర్నాడే కొత్త కళ్ళజోడు పెట్టించుకుని పనిలో కూర్చుందని తెలిసింది. కోపంతో మొదటగా కుట్టింది ఎవరిదో పెళ్ళిగౌను.

నోటుబుక్కులో రెండో చుక్క పడింది. తర్వాత మూడోది, ఏడోది. చిట్టికి దిగులు పట్టుకుంది. మావయ్య చెవి పాడైపోయిందా? అడుగుదామంటే మాట పెగలదు. పైగా వర్క్‌షాపులో ఆయన పడే పాట్లు చూస్తుంటే ఆ అనుమానం ఇంకా బలపడేది. 'పలుకుతుంది' అని పొగిడి తెచ్చిన బీరువా పలక ముందు కూర్చుని చిత్రిక పట్టేవాడు, తట్టేవాడు, తిట్టేవాడు. మళ్ళీ ఒక్క కాగితమంత మందం తీసేవాడు. వెనక సన్నటి చెక్కబద్దలు అంటించి, పీకి, ఇంకోచోట అంటించేవాడు. "పలకవే తల్లీ, మీ అత్తగారి మీద ఒట్టు" అని బతిమాలేవాడు. నాలుగు రోజులకి అది గొణగటం మాని నిజంగానే పలికేది. పలికే కర్ర తెచ్చుకుంటే నాలుగు గంటల పని. ఈయన నాలుగు రోజులు చేశాడు. అలా పదకొండు గిటార్లు.

పన్నెండోదాని ముందుపలక బిగించేటప్పుడు నిలువునా చీలింది. అప్పటికి మూడు వారాలే గడువు. ఊళ్ళో తట్టని కర్రంటూ మిగల్లేదు. మావయ్య వర్క్‌షాపు గుమ్మంలో కూర్చుని తన చెప్పు మడమ తట్టుకుంటున్నాడు. అది రబ్బరుదని కూడా ఆయనకి తోచలేదు.

ఆ సాయంత్రం చిట్టి ఇంటికెళ్ళి, రాతబల్ల మీది బట్టలన్నీ మంచం మీదికి మార్చింది. వాళ్ళమ్మ వంటింట్లోంచి ఏదో అడగబోయింది.

"ష్!" అంది చిట్టి.

వాళ్ళమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఇంట్లో చిట్టి ఒకర్ని నోరు మూయించటం అదే మొదటిసారి.

చిట్టి సొరుగు లాగేసి, బల్లపలక కిందనుంచి వేలు మడిచి తట్టింది. టక్, టక్, టక్. మోత గదంతా తిరిగి, కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చింది. టైలరమ్మ బల్ల దీని ముందు బలాదూరు.

"మోగదూ మరి!" అంది వాళ్ళమ్మ. "తన సొంత గిటారు కోసమని ఆరేళ్ళు అటక మీద దాచుకున్న దేవదారు పలకే అది. నువ్వు నేలమీద బోర్లా పడుకుని రాసుకుంటున్నావని ఒకరోజు చూశాడు. మర్నాడు బల్ల చేసి పట్టుకొచ్చాడు. నీకు చెప్తే నా నాలిక కోస్తానన్నాడు. ఇప్పుడు చెప్పేశా, కొయ్యమను!"

మర్నాడు చిట్టి "వచ్చాను" అనటంతో ఆగలేదు.

"మావయ్యా, నా బల్ల తీసుకో. ముందుపలక వస్తుంది."

"అది మూగది."

"అబద్ధం."

మావయ్య చేతిలో ఉలి ఆగిపోయింది.

"నేను విన్నాను. గంటలా మోగింది. టైలరమ్మ బల్ల కూడా మోగింది. హెడ్‌క్లర్కు గారి బీరువా గొణిగింది. నువ్వు అన్నీ తారుమారు చెప్పావు" అంటూ నోటుబుక్కు తెరిచి చుక్కలన్నీ చూపించింది.

మావయ్య చుక్కల్ని చూశాడు, చిట్టిని చూశాడు. దొంగతనంగా బెల్లం తింటూ దొరికినవాడిలా బుర్ర గోక్కున్నాడు.

"చెవి బాగానే ఉందే నీకు. కానీ బల్ల ఏమందో విని ఊరుకున్నావు. టైలరమ్మ ఏమందో వినలేదా?"

"తీసుకుపొమ్మంది కదా?"

"నోటితో అంది. చెయ్యి అంచు వదిలిందా మరి?"

చిట్టి ఆలోచించింది. వదల్లేదు. "నువ్వు కళ్ళు మూసుకున్నావుగా, నీకెలా తెలుసు?"

"పూర్తిగా మూసుకుంటానని ఎవరు చెప్పారే?" అన్నాడు మావయ్య. "పలుకుతుందంటే పరువు కోసమైనా ఇచ్చేస్తారు. మూగదంటే తిట్టుకుంటూ ఉంచుకుంటారు. వదిలించుకోలేక ఏడ్చేవాళ్ళ దగ్గర గొణిగేదీ పలికినట్టే. వదల్లేక ఏడ్చేవాళ్ళ దగ్గర పలికేదీ మూగదే. ఇందులో పెద్ద విద్యేం లేదు. ఇక నీ బల్లంటావా, దానికింకా పని మిగిలుంది. ముట్టుకుంటే నీ వేళ్ళు విరుస్తా."

"మరి పన్నెండోది?"

మావయ్య ఉలితో మెట్ల వైపు చూపించాడు. మేడ మెట్ల మీంచి ఓనరు దిగి వస్తున్నాడు.

"పన్నెండోది ఎక్కడయ్యా మేస్త్రీ? ఊరంతా తట్టావు, ఏం తెచ్చావు? ఏదీ ఆ నోటుబుక్కు!" అంటూ చిట్టి చేతిలోంచి లాక్కుని పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. మొహం ఎర్రబడింది. "ఓహో! నా బల్ల సంగతి ఇందులో కూడా ఎక్కించావా? 'ఓనరు గారి బల్ల, మూగది'! పక్కన ఈ చుక్కేంటి? చీమ చచ్చిందా?"

మావయ్య వద్దన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. చిట్టి ఓనరు మొహంలోకి చూసింది. పదిహేనేళ్ళ సోమవారాలు ఆ మొహం మీద వరసగా కనిపించాయి. ఆయనకి బల్ల పోతుందన్న బెంగ ఎప్పుడూ లేదు. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదన్నదే బాధ.

"అది పలుకుతుంది సార్" అంది చిట్టి.

"ఏంటీ?"

"మీ నాన్నగారి బల్ల పలుకుతుంది. ఈ ఊళ్ళో నేను విన్నవాటిల్లో దానిదే పెద్ద గొంతు. మావయ్య పదిహేనేళ్ళుగా అబద్ధం చెప్తున్నాడు."

ఓనరు నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "చెప్పానా! నేను చెప్పానా లేదా! మా నాన్న బల్ల మూగదెలా అవుతుందయ్యా! కొయ్యండి! ఇవాళే కొయ్యండి!"

"వద్దు సార్, మీ నాన్నగారి గుర్తు..." అన్నాడు మావయ్య.

"నువ్వు నోర్ముయ్! గుర్తుట, గుర్తు! పదిహేనేళ్ళు దాని మీద కాఫీ కప్పులు పెట్టుకుంటూ కూర్చున్నా. ఇప్పుడు మూడు వీధులూ వినాలి!"

బల్లని కిందికి దించటానికి ఆరుగురు కావలసి వచ్చారు. దించేదాకా ఓనరు మెట్టు మెట్టుకీ "మెల్లగా! నాన్న, నాన్న!" అని అరుస్తూనే ఉన్నాడు. మావయ్య చిట్టి పక్కకొచ్చి, "నేను దాన్ని బెంగనుకున్నా, గర్వమని వినలేదు. పదిహేనేళ్ళు వృథా తిట్లు తిన్నా" అని చెవిలో గొణిగాడు.

గడువుకి ఒక రోజు ముందే పన్నెండు గిటార్లూ వరసగా నిలబడ్డాయి. షాపాయన పదకొండూ వాయించి తల ఊపాడు. పన్నెండోది వాయించి తల ఊపటం మర్చిపోయాడు. లోపలి చీటీ చదివాడు. 'పూర్వజన్మ: ఓనరు గారి నాన్నగారి బల్ల. తొందరపడి ఎవరూ మూగదనరాదు.' ఆ రెండో వాక్యం ఓనరు పట్టుబట్టి రాయించింది.

షాపాయన ఇంకో గోడకి కూడా కొక్కేలు కొట్టిస్తానన్నాడు. గోడౌను మాట మళ్ళీ రాలేదు. పన్నెండో గిటారు మాత్రం ఇప్పటికీ ఆ షాపులోనే వేలాడుతోంది. కొనటానికి ఎవరొచ్చినా, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్న ఓనరు, "మీ గొంతు ఎలాంటిది? ఎన్ని వీధులకి వినపడుతుంది?" అని ఆరాలు తీసి వెనక్కి పంపేస్తున్నాడట.

మొన్న మావయ్య చిట్టి ఇంటికొచ్చాడు. అలవాటు చొప్పున మూలకి నడిచాడు. బల్ల మీద బట్టల్లేవు. ఇస్త్రీపెట్టె లేదు. పుస్తకాలున్నాయి. వాటి పక్కన ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాసేవాళ్ళ దరఖాస్తు ఉంది. చిట్టి తల వంచుకుని లెక్కలు చేసుకుంటోంది. మావయ్య వేలు మడిచి చెయ్యెత్తాడు.

చిట్టి తల ఎత్తకుండానే ఎడమచేతి చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్!"

మావయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ వేలిని ఏం చెయ్యాలో తెలియక కాసేపు చూసుకుని, "ఎలాగూ మూగదేలే" అని, మునివేళ్ళ మీద వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

లోపల్నుంచి టక్, టక్, టక్ అని స్టూలు చప్పుడు వినిపించింది. వెంటనే ఠక్కుమని ఇంకో చప్పుడు, వాళ్ళమ్మ చేతిలోని గరిటెది.

"ఇది మాత్రం పలుకుతుంది అక్కా!" అన్నాడు మావయ్య, తల తడుముకుంటూ.